స్టాల్ ముందు గేమ్ పాత్రగా నిలబడాలంటే ఏ వేషం ఎంచుకోవాలి?

ఒడిశాలోని మా బరంపురంలో వేషం కట్టడం కొత్త సంగతి కాదు. రెండేళ్ళకోసారి బుఢీ ఠాకురాణి యాత్ర వచ్చిందంటే ఊరంతా వేషాలే. మొక్కుకున్నవాళ్ళు ఒంటినిండా పసుపు రంగు, నల్లచారలు దిద్దించుకుని, తోక కట్టుకుని, డప్పు దెబ్బకు పులిలా ఆడుతూ వీధులు తిరుగుతారు. అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టు దేశీబెహరా వీధికి వస్తుంది. ఆ దేశీబెహరా మన తెలుగు నేత కుటుంబాల పెద్ద. అలాంటి ఊళ్ళో పుట్టిన కుర్రాళ్ళు, ఆడపిల్లలు ఇప్పుడు విశాఖ, భువనేశ్వర్, హైదరాబాద్ ఎగ్జిబిషన్లలో మొబైల్, గేమింగ్ స్టాళ్ళ ముందు మారియోగానో, సోనిక్‌గానో, బీజీఎంఐ అనే ఫోన్ ఆటలో సైనికుడిగానో నిలబడే పనికి వెళ్తున్నారు. నేనూ ఆరేళ్ళుగా వెళ్తున్నాను. పర్లాకిమిడి నుంచి, రాయగడ నుంచి నాకు ఫోన్ చేసేవాళ్ళంతా మొదట అడిగేది ఇదే: "అన్నా, ఏ వేషం తీసుకోమంటావు?"

చాలామంది ఫొటో చూసి ఎంచుకుంటారు. ఫొటోలో వేషం కనిపిస్తుంది గాని, అది వేసుకుని మూడో గంటలో నిలబడ్డ మనిషి కనిపించడు. అందుకే ఏ వేషమో చెప్పేముందు, దేన్ని బట్టి ఎంచుకోవాలో చెబుతాను.

ముందు చూసుకోవలసినవి

మొదటిది వేడి. మన ఒంటికి చమట పట్టినంత మాత్రాన చల్లబడదు, ఆ చమట ఆరాలి. మూసిన వేషంలో గాలి కాసేపటికే తేమతో నిండిపోతుంది, ఇక చమట కారుతుందే తప్ప ఆరదు. గంజాం తీరంలో బయటి గాలే తడిగా ఉంటుంది. కాబట్టి ఏసీ హాలా, షామియానా కిందా అన్నది మొదటి ప్రశ్న. అదే వేషం హాల్లో అరగంట మోయగలిగితే, ఏప్రిల్ మధ్యాహ్నం షామియానా కింద అందులో సగంసేపు కూడా కష్టమే.

రెండోది చూపు. మీ కాళ్ళు మీకు కనిపిస్తాయా? కనిపించకపోతే కాళ్ళ దగ్గరకు వచ్చే గుంటలు, అంటే చిన్నపిల్లలు కూడా కనిపించరు.

మూడోది నోరు. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, నేను మాత్రం అన్నిటికంటే పెద్దదిగా చూస్తాను. సరిహద్దులో పెరిగిన మనకు ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, బళ్ళో హిందీ వచ్చేశాయి. భువనేశ్వర్ స్టాల్‌కి తెలుగువాళ్ళు వచ్చినా, విశాఖ స్టాల్‌కి ఒడియా కుటుంబం వచ్చినా మనం వాళ్ళ భాషలో పలకరించగలం. నోరు మూసేసే వేషం వేసుకుంటే ఆ బలం లోపలే ఉండిపోతుంది.

నాలుగోది ప్రయాణం. బరంపురం నుంచి విశాఖకు రైల్లో నాలుగైదు గంటలు, హైదరాబాద్ అంటే రాత్రంతా. సీటు కింద పట్టని వేషమైతే దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. ఐదోది ఆ పాత్ర ఎవరిదన్న సంగతి, దాని గురించి చివర్లో.

కింది పట్టికలో సమయాలు నా అనుభవం మీద వేసినవి. ఏసీ హాల్లో, ఆరోగ్యంగా ఉన్న మనిషికి, ఒక విడత అంటే మధ్యలో విశ్రాంతి లేకుండా నిలబడే సేపు.

| వేషం | ఒక విడత | మాట్లాడగలమా | రైల్లో మోత | ఖర్చు |
|---|---|---|---|---|
| పెద్ద బొమ్మ తల, బొచ్చు ఒళ్ళు | 20–25 నిమిషాలు | లేదు | చాలా కష్టం | కొంటే ఎక్కువ, అద్దెకు దొరుకుతుంది |
| గాలి నింపే వేషం | 30–40 నిమిషాలు | కష్టంగా | సంచిలో పడుతుంది | మధ్యస్థం |
| ఫోమ్ కవచం | గంట | హెల్మెట్ తీస్తే | పెద్ద పెట్టె కావాలి | సామాను చవక, పని ఎక్కువ |
| బట్టలు, మేకప్ | రెండు గంటలు | బాగా | సులభం | అన్నిటికంటే తక్కువ |
| తెర వెనుక గొంతు | గంట | అదే పని | ల్యాప్‌టాప్ సంచి | కంప్యూటర్ ఉంటే తక్కువ |

పెద్ద బొమ్మ తల

పిల్లల్ని లాగడంలో దీన్ని మించింది లేదు. మారియో, సోనిక్, పికాచు తల దూరం నుంచి కనిపిస్తే చాలు, అమ్మ చెయ్యి వదిలించుకుని పరిగెత్తుకొస్తారు. స్టాల్ వాళ్ళకు కావలసిందీ అదే. మాట్లాడనక్కర్లేదు కాబట్టి సిగ్గరులకు కూడా ఇది బాగుంటుంది. కాలేజీలో నలుగురి ముందు నోరు విప్పని అబ్బాయి ఒకడు ఆ తల పెట్టుకోగానే గెంతులేస్తుంటే నేను చూశాను. ముఖం దాగితే కొందరికి ఒళ్ళు విచ్చుకుంటుంది.

కానీ ఒంటికి అన్నిటికంటే బరువైన పని ఇదే. నా మొదటి ఏడాది ఒక ఫోన్ల స్టాల్‌కి వెళ్ళాను. ఇద్దరు కుర్రాళ్ళం అరగంట చొప్పున మారతామని చెప్పారు. రెండోవాడు రాలేదు. "ఇంకాసేపు, ఇంకాసేపు" అంటూ షామియానా కింద దాదాపు రెండు గంటలు నిలబెట్టారు. కళ్ళు మసకబారాయి, మోకాళ్ళు సడలాయి. తల తీయడానికి చేతులు పైకి లేవలేదు. పక్కన టీ అమ్ముతున్న పెద్దాయన వచ్చి తల లాగేసి మెడ మీద నీళ్ళు పోశాడు. ఆ రోజు నుంచి నాకు వెంట మనిషి లేకుండా బొమ్మ తల పెట్టుకోకూడదన్నది నియమం. ఆ మనిషి పని ఫొటోలు తీయడం కాదు. మీ కళ్ళు తనే అయి నడిపించాలి, గడియారం చూడాలి, టైము కాగానే లోపలికి తీసుకెళ్ళాలి.

అద్దెకు తెచ్చుకునేవాళ్ళు ముందు తల లోపల ముక్కు పెట్టి వాసన చూడండి. కంపు కొడితే పాత చమట ఆరలేదని అర్థం. ఆ తల పెట్టుకుంటే చర్మానికి చెరుపు. లోపల పలచటి నూలు టోపీ తప్పకుండా వేసుకోండి. చిన్న యూఎస్‌బీ ఫ్యాన్ ఒకటి తల పైభాగంలో బిగిస్తే ఊపిరికి చాలా తేడా తెలుస్తుంది. విడతకీ విడతకీ మధ్య ఓఆర్ఎస్ తాగండి, ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్ళలోనే కలిపి. కూల్‌డ్రింక్ దాని బదులు కాదు.

ఈ వేషంలో నటన అంతా ఒళ్ళే. ప్రతి గేమ్ పాత్రకూ ఆడేవాడు బటన్ నొక్కకుండా వదిలేసినప్పుడు చేసే పని ఒకటి ఉంటుంది. 1991లో వచ్చిన మొదటి సోనిక్ ఆటలో మనం ఆగిపోతే అతను మనవైపు చూస్తూ కాలు టపటపలాడిస్తాడు. ఆ ఒక్క కాలి కదలిక నేర్చుకుంటే చాలు, ఆట తెలిసినవాళ్ళు దూరం నుంచే నవ్వుకుంటూ వస్తారు. చిన్నపిల్ల జడుసుకుంటే మీరు ముందుకు వెళ్ళకండి. నేల మీద కూర్చుని చెయ్యి చాపండి, తనే వస్తుంది.

ఆస్తమా ఉన్నవాళ్ళు, బీపీ మందులు వాడేవాళ్ళు, మూసిన గదిలో గుండె దడ వచ్చేవాళ్ళు దీని జోలికి వెళ్ళొద్దని నేను గట్టిగా చెబుతాను.

గాలి నింపే వేషం

గుండ్రటి పాత్రలకు ఇది బాగా కుదురుతుంది. ప్యాక్‌మ్యాన్, కిర్బీ లాంటివి. నడుము దగ్గర చిన్న ఫ్యాన్ బయటి గాలిని లోపలికి తోస్తూనే ఉంటుంది కాబట్టి బొచ్చు వేషం కంటే కాస్త నయం. మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. ఫ్యాన్‌కి నాలుగు పెన్సిల్ సెల్స్ గాని, పవర్ బ్యాంక్ గాని వాడతారు. రెండింటిలో పవర్ బ్యాంకే మేలు, ఎందుకంటే సెల్స్ అయిపోతున్న కొద్దీ వేషం మెల్లగా కుంగిపోతుంది, పిల్లలు ఏడుస్తారు. ఆరుబయట గాలి వీచే చోట దీన్ని వేసుకోవద్దు. సన్నటి దారుల్లో, టేబుళ్ళ మధ్య కూడా వద్దు. ఒక మేకు తగిలితే ఆ రోజు పని అయిపోయినట్టే, జేబులో అతుకు టేపు లేకపోతే.

ఫోమ్ కవచం

ఇది చేతిపని ఉన్నవాళ్ళ వేషం. హేలో ఆటలోని మాస్టర్ చీఫ్ లాంటి సైనికుడి కవచం నిజానికి ఈవీఏ ఫోమ్ షీటు, చెప్పుల అడుగున ఉండే రకం. కాగితం మీద నమూనా గీసి కోసి, హీట్ గన్‌తో వేడి చేస్తే వంగుతుంది, చల్లారాక ఆ వంపులోనే ఉండిపోతుంది. అంచులకు రెండు వైపులా రబ్బరు జిగురు పూసి, తడి పోయి వేలికి కొద్దిగా అంటేదాకా ఆగి, అప్పుడు నొక్కాలి. తొందరపడి తడి మీద నొక్కితే అతకదు. పని ఆరుబయట చేయండి, ఆ జిగురు ఆవిరి తలకెక్కుతుంది.

పర్లాకిమిడిలో కొమ్ముతో బొమ్మలు చేసే ఇళ్ళ పిల్లలు ఇద్దరు ఈ పనిలోకి వచ్చారు. వాళ్ళు కోసిన అంచులు చూస్తే నాకు ముచ్చటేసింది. చేతికి కొలత, ఓపిక ఇంట్లోనే వచ్చాయి. అలాంటి చేతులున్నవాళ్ళకు నేను మరో ఆలోచన లేకుండా ఇదే చెబుతాను. వేషం కట్టకపోయినా, కట్టేవాళ్ళకు చేసి ఇచ్చి సంపాదించుకోవచ్చు.

ఇబ్బందులు రెండు. కవచం వేసుకుంటే కూర్చోలేరు, ఒకరి సాయం లేకుండా విప్పలేరు. కాబట్టి బాత్రూమ్‌కి వెళ్ళాలంటే పది నిమిషాల పని. రెండోది ఎండ. నేను ఒకసారి కవచం పెట్టెను ఆటో వెనుక పెట్టి మధ్యాహ్నమంతా వదిలేశాను. వేడికి జిగురు మెత్తబడి భుజం ముక్కలు విడిపోయాయి. ఇప్పుడు పెట్టెను మాతోపాటు నీడలోనే ఉంచుతాం, జిగురు డబ్బా చేతిసంచిలో ఉంటుంది.

బొమ్మ తుపాకుల గురించి ఒక మాట. అసలైనదానిలా కనిపించే తుపాకీతో రైల్వే స్టేషన్‌లోకి వెళ్ళకండి. పోలీసులు ఆపితే రైలు తప్పిపోతుంది, అంతకంటే పెద్ద చిక్కు కూడా రావచ్చు. హాల్లో కూడా చాలాచోట్ల ఒప్పుకోరు. బీజీఎంఐ వేషానికి తుపాకీ అక్కర్లేదు. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ని మన దేశంలో ఆపేసి, 2021 జులైలో బీజీఎంఐగా వచ్చేదాకా కూడా కుర్రాళ్ళు మరిచిపోనిది అందులో తూటాల్ని ఆపే పెనం. ఫోమ్‌తో ఒక పెనం చేసి నడుముకు తగిలించుకుని, ముఖం మూసే ఆ మూడో స్థాయి హెల్మెట్ పెట్టుకుంటే ఎవరైనా గుర్తుపడతారు.

బట్టలు, మేకప్

నన్ను ఒక్కటే చెప్పమంటే మన ప్రాంతం వాళ్ళకు నేను ఇదే చెబుతాను.

1981లో డాంకీ కాంగ్ ఆటలో మారియో మొదటిసారి వచ్చినప్పుడు తెర మీద చుక్కలు చాలా తక్కువ. జుట్టు గీయడం కష్టమని టోపీ పెట్టారు. నోరు గీయడానికి చోటు లేదని మీసం పెట్టారు. చేతులు కదలడం కనిపించాలని చొక్కాకూ, పైన తొడిగిన డంగరీకీ వేరే రంగులు వేశారు. అంటే ఆ మనిషిని గుర్తుపట్టించేదంతా బట్టల్లోనే ఉంది. ఎర్ర టోపీ, మీసం, నీలి డంగరీ ఉంటే మారియోనే. బరంపురంలో ఏ దర్జీ అయినా రెండు రోజుల్లో కుట్టి ఇస్తాడు. స్ట్రీట్ ఫైటర్ ఆటలోని చున్ లీ అయితే నీలి గౌను, జుట్టు రెండు ముడులు, చేతికి ముళ్ళ కడియాలు. ఆడపిల్లలకు ఒంటినిండా బట్ట ఉండే పాత్రల్లో అది మంచిది. పుణె సంస్థ 2020లో విడుదల చేసిన రాజీ అనే ఆటలో నాయిక ఒక సర్కస్ పిల్ల, చేతిలో త్రిశూలం. అలాంటి పాత్రను మన బట్టలతో, మన నగలతో చేయవచ్చు, పైగా ప్రేక్షకులకు ఎక్కడిదో వేరేగా అనిపించదు.

గాడ్ ఆఫ్ వార్ ఆటలోని క్రేటోస్ కావాలనుకునేవాళ్ళు పులివేషం కట్టే పెద్దల్ని అడగండి. గుండు, ఒళ్ళంతా బూడిద రంగు, దాని మీద ఎర్ర చార. చారలు చెరగకుండా గంటలకొద్దీ ఆడటం వాళ్ళకు వచ్చిన విద్య. ఒక్క విషయంలో మాత్రం వాళ్ళలో కొందరి పాత అలవాటు వద్దు. నూనె రంగు పూసి తర్వాత కిరోసిన్‌తో కడగడం నేను చూశాను, చర్మం మండిపోతుంది. ముఖానికి వాడే నీటి రంగే కొనండి, ముందు రోజు మోచేతి లోపల కొద్దిగా రాసి దురద వస్తుందేమో చూసుకోండి.

ఈ వేషంలో చూపు ఉంటుంది, ఊపిరి ఉంటుంది, నోరు ఉంటుంది. ఒడియా అమ్మమ్మ మనవణ్ణి తీసుకొస్తే ఆమె భాషలో పలకరించి, అదే నిమిషంలో తెలుగు కాలేజీ కుర్రాడికి ఆట ఎలా ఆడాలో చెప్పవచ్చు. స్టాల్ వాళ్ళు మళ్ళీ పిలిచేది ఇలాంటి మనిషినే. లోపం ఒకటే, ముఖం దాగదు. ఎవరైనా విసుక్కుంటే ఆ విసుగు మీ ముఖానికే తగులుతుంది, మీరు అలిసిపోతే అదీ కనిపిస్తుంది.

ఆడపిల్లలకు ఇక్కడే ఒక మాట చెప్పాలి. మా పిన్ని కూతురు చున్ లీగా నిలబడ్డప్పుడు ఫొటో అంటూ వచ్చిన ఒకతను నడుము మీద చెయ్యి వేశాడు. స్టాల్ వాళ్ళు "పెద్ద కస్టమర్, సర్దుకుపొమ్మ"న్నారు. ఆమె సర్దుకోలేదు, వేషం విప్పేసి వచ్చేసింది. నేనైతే ఆమె సరిగ్గా చేసిందనే అంటాను. 2014లో న్యూయార్క్ కామిక్ కాన్ అనే కామిక్స్, వేషాల సంబరం వాళ్ళు హాల్లో బోర్డులే పెట్టారు, వేషం వేసుకున్నంత మాత్రాన ముట్టుకోవడానికి ఒప్పుకున్నట్టు కాదని. మీరు కూడా పని ఒప్పుకునేటప్పుడే చెప్పండి: ఫొటోకి చేయి దూరం, బట్టలు మార్చుకోవడానికి గడియ పడే గది, వెంట మనవాళ్ళు ఒకరు. దీనికి ఒప్పుకోని స్టాల్ ఎంత డబ్బిచ్చినా వద్దు.

తెర వెనుక గొంతు

దీన్ని వేషంగా చాలామంది లెక్కపెట్టరు గాని దీనికి చరిత్ర ఉంది. మారియోకి గొంతునిచ్చిన చార్లెస్ మార్టినే ఆ పనిలోకి వచ్చిందే ఎగ్జిబిషన్ల ద్వారా. 1990ల మొదట్లో నింటెండో స్టాళ్ళలో తెర మీద మారియో ముఖం ఉండేది. ఆయన లోపల కూర్చుని, కెమెరాలో వచ్చినవాళ్ళను చూస్తూ మాట్లాడేవాడు. ఆయన ముఖానికి అంటించిన సెన్సర్ల ద్వారా మారియో పెదవులు కదిలేవి. 2023 దాకా ఆ గొంతు ఆయనదే.

అప్పట్లో దానికి పెద్ద యంత్రాలు కావలసి వచ్చింది. ఇప్పుడు ఒక ల్యాప్‌టాప్, వెబ్‌క్యామ్, వీసీఫేస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు, మీ ముఖం కదిలితే తెర మీద బొమ్మ కదులుతుంది. వేడి లేదు, బరువు లేదు. కాలు నొప్పి ఉన్నవాళ్ళు, వీల్‌చైర్‌లో ఉన్నవాళ్ళు కూడా చేయవచ్చు. మూడు భాషలూ గడగడా వచ్చి, ఎదుటివాళ్ళ మాటకు వెంటనే మాట అందించగల మనిషికి దీనికంటే మంచి చోటు లేదు. హాల్లో రొద ఎక్కువ కాబట్టి చెవులు మూసే హెడ్‌సెట్ మైక్ కొనండి. గంటకోసారి గొంతుకు విశ్రాంతి ఇవ్వండి, గోరువెచ్చని నీళ్ళు పక్కన పెట్టుకోండి. బరంపురంలో చిన్న ఎగ్జిబిషన్లలో ఇది అడిగేవాళ్ళు తక్కువే. మీరే ల్యాప్‌టాప్ తీసుకెళ్ళి చూపించాలి.

ఆ పాత్ర ఎవరిది?

సరదాకి వేషం వేసుకుని కామిక్ కాన్‌కి వెళ్ళడం వేరు, సరుకు అమ్మే స్టాల్ ముందు డబ్బు తీసుకుని అదే వేషంలో నిలబడటం వేరు. టోక్యోలో గో కార్ట్‌లు అద్దెకిచ్చే ఒక సంస్థ కస్టమర్లకు మారియో బట్టలు కూడా ఇచ్చేది. 2017లో నింటెండో కేసు వేసింది. 2018లో కింది కోర్టు కోటి యెన్లు కట్టమంది, 2020 జనవరిలో పైకోర్టు దాన్ని ఐదు కోట్ల యెన్లు చేసింది. మన దేశంలో కూడా 1957 కాపీరైట్ చట్టం, 1999 ట్రేడ్‌మార్క్ చట్టం ఉన్నాయి. కాబట్టి గేమ్ కంపెనీ స్వయంగా పెట్టిన స్టాల్ అయితే నిశ్చింతగా వెళ్ళండి, వేషం కూడా వాళ్ళే ఇస్తారు. మామూలు దుకాణం స్టాల్ అయితే ఆ పాత్ర వాడుకోవడానికి అనుమతి ఉందా అని అడగండి. లేదంటే ఎవరి పాత్రా కాని సొంత యోధుణ్ణి తయారుచేసుకుని వెళ్ళండి. ఫోమ్ కవచం, బట్టల వేషం, తెర మీద బొమ్మ, ఈ మూడింటిలో అది సులభం. అద్దె బొమ్మ తలల్లో మాత్రం ఎక్కువగా దొరికేది అనుమతి లేకుండా చేసిన నకళ్ళే.

పని ఒప్పుకునే ముందు

ఫోన్‌లోనే అడగవలసినవి: ఏసీ హాలా, బయటా? విడత ఎన్ని నిమిషాలు, రోజుకు ఎన్ని విడతలు? మారడానికి రెండో మనిషి ఉన్నాడా, అతను రాకపోతే ఏం చేస్తారు? వెంట ఉండే మనిషికి కూడా డబ్బు ఇస్తారా? రైలు టికెట్ ఎవరిది? జవాబులు వాట్సాప్‌లో రాసి పంపమనండి. నోటిమాటగా చెప్పింది స్టాల్ దగ్గరకు వెళ్ళాక మారిపోవడం నేను చాలాసార్లు చూశాను.

ఇంకా తేల్చుకోలేకపోతే వేషం ఒక రోజుకు అద్దెకో, అడిగో తెచ్చుకోండి. ఉదయం పదకొండింటికి డాబా మీద నీడలో, ఇంట్లోవాళ్ళను పక్కన పెట్టుకుని ఇరవై నిమిషాలు అందులో ఉండండి. ఊరికే నిలబడకండి, పాత్రలా కదలండి, పక్కింటి గుంటల్ని పిలిచి ఆడించండి. విప్పాక వాళ్ళు మళ్ళీ వేసుకోమంటే, మీకూ వేసుకోవాలనిపిస్తే, ఆ వేషం తీసుకోండి.